లైన్ డ్యాన్స్‌లో నా ఎడమకాలు ఇరుక్కుపోతోంది, కొత్తవాడికి దారి చెప్పండి

పెకాన్‌చెట్టు (ప్లేనో, టెక్సస్)
అక్టోబరు 5, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నా వయసు 43. ఇన్నేళ్లలో నేను చేసిన నాట్యమంతా కలిపితే వినాయక నిమజ్జనం లారీ వెనక రెండు వీధులు, అంతే. టెక్సస్ వచ్చి పదకొండేళ్లయినా ఆ బూట్లు, టోపీ, అరచేయంత బెల్టు బిళ్ల జోలికి పోలేదు.

పోయిన నెల మా ఆఫీసులో ఒకాయన పదవీ విరమణ విందు ఒక కంట్రీ డ్యాన్స్ హాలులో ఏర్పాటు చేశారు. ఏడు గంటలకు కొత్తవాళ్ల కోసం అరగంట లైన్ డ్యాన్స్ పాఠం, అంటే జోడీ లేకుండా వరసల్లో నిలబడి అందరూ ఒకే అడుగులు వేసే ఆట. ముందున్నవాళ్లను చూసి లాక్కురావచ్చని తెలివిగా చివరి వరసలో నిలబడ్డాను. మొదటిసారి గడిచిపోయింది. రెండోసారి మొదలయ్యేసరికి అందరూ ఎడమకు తిరిగారు. తరవాత ఇంకోసారి ఎడమకు. అప్పటికి వెనక గోడ కాస్తా ముందు గోడ అయింది, చివరి వరస మొదటి వరస అయింది. నా ముందు మనిషి లేడు. గోడకు వేలాడదీసిన ఎద్దు తల ఒకటి నన్నే చూస్తోంది. నా వెనక నలభై మంది. ఏం చేయాలో తెలియక వెనక్కి తిరిగి చూశాను, పక్కావిడకు తగిలాను, ఆవిడ టోపీ కింద పడింది. ఆవిడ టోపీ తీసుకుని, దులుపుకుని, నా భుజం పట్టుకుని సరైన వైపు తిప్పి, మళ్లీ ఆటలో కలిసిపోయింది.

సిగ్గుతో చావాలి. కానీ ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ అవే అడుగులు వేస్తున్నాను. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. అదే కొంచెం భయంగా ఉంది.

నా సందేహం: కుడివైపు నాలుగు అడుగులు బాగానే వెళ్తున్నాను. ఎడమవైపు తిరిగి రావాల్సినప్పుడు ఎడమకాలు కదలదు, మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. ఎందుకు?

లలిత_లెస్టర్
అక్టోబరు 6, మధ్యాహ్నం 1:15

పెకాన్‌చెట్టు గారూ, తప్పు నాలుగో లెక్కలో ఉంది.

మీరు చెబుతున్నది గ్రేప్‌వైన్. వరసగా చూడండి. ఒకటి: కుడికాలు పక్కకు. రెండు: ఎడమకాలు దాని వెనకగా దాటించి వేయాలి. మూడు: మళ్లీ కుడికాలు పక్కకు. నాలుగు: ఎడమకాలిని కుడికాలి పక్కకు తెచ్చి నేలకు ఆనించాలి. ఆనించాలి అన్నాను, వేయాలి అనలేదు. దాన్నే టచ్ అంటారు. మునివేళ్లు నేలను తాకుతాయి, బరువు మాత్రం కుడికాలి మీదే ఉంటుంది. అందుకే ఐదో లెక్కకు ఎడమకాలు ఖాళీగా, పక్కకు పోవడానికి సిద్ధంగా ఉంటుంది. మీరు నాలుగో లెక్కలో హాయిగా రెండు కాళ్ల మీదా నిలబడిపోతున్నారు. బరువు మోస్తున్న కాలు ఎలా కదులుతుంది?

మా ఊళ్లో బుధవారాలు చర్చి హాలులో తరగతి జరుగుతుంది. 2009లో చేరాను. మొదటి నెలంతా మా టీచరు అడుగుల పేర్లు చెప్పలేదు. మధ్యమధ్యలో చప్పట్లు కొట్టి ఆపి "ఇప్పుడు ఏ కాలు ఖాళీ?" అని అడిగేది. అందరం బిక్కమొహం వేసేవాళ్లం. మీరూ అలాగే గిన్నెలు తోముతూ ఆగి మిమ్మల్ని మీరే అడగండి.

ఇంకో మాట. వెనక వరసలో నిలబడటం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. ఒక్కోసారి ఒక్కో గోడ వైపు తిరిగి చేసే నాలుగు గోడల డ్యాన్సులో వెనక అనేది ఉండదు. నట్టనడుమ నిలబడండి. ఎటు తిరిగినా ముందు ఒక తెలిసిన వీపు కనబడుతుంది.

కోలాటం_శీను
అక్టోబరు 6, రాత్రి 8:03

ఎవరినీ నొప్పించాలని కాదు. మనకు కోలాటం ఉంది, చెక్కభజన ఉంది, ధింసా ఉంది. అవి నేర్చుకునే తీరిక లేనివాళ్లకు ఆవులు కాచేవాళ్ల నాట్యానికి మాత్రం తీరిక దొరుకుతుంది. జోడీ కూడా లేకుండా వరసల్లో నిలబడి ఎవరి లోకంలో వాళ్లు గెంతడంలో ఏముందో నాకు అర్థం కాలేదు.

ఆదితాళం
అక్టోబరు 7, ఉదయం 6:50

శీను గారూ, పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకుని, ఇప్పుడు డాలస్ దగ్గరే పిల్లలకు నేర్పుతున్నాను. అయినా శుక్రవారం రాత్రులు ఆ వరసల్లో నిలబడుతున్నాను. ఒకటి వస్తే రెండోది పోతుందని ఎవరన్నారు?

పెకాన్‌చెట్టు గారూ, తాళం తెలిస్తే దీని లెక్క మనవాళ్లకు చాలా సులువు. వీళ్లు ఎనిమిదేసి లెక్కలు కడతారు. ఎనిమిది అక్షరాల ఆదితాళం ఒక ఆవర్తనం అనుకోండి. 32 లెక్కల డ్యాన్సు అంటే నాలుగు ఆవర్తనాలు, అయిపోగానే పక్క గోడకు తిరిగి మళ్లీ మొదటి నుంచి. షఫుల్ అనే అడుగు ఒకటి వస్తుంది, రెండు లెక్కల్లో మూడు అడుగులు. అందరూ అక్కడ తొట్రుపడతారు. నోటితో "తక తోం" అనుకోండి. త, క పొట్టివి, తోం నిలిచేది. కాలు దానంతట అదే పడుతుంది. వాల్ట్జ్ పాటలకు చేసేవి వేరు, అక్కడ మూడు లెక్కల నడక కాబట్టి "తకిట" సరిపోతుంది.

నా కష్టం మాత్రం అడుగుల్లో రాలేదు, మోతలో వచ్చింది. మనకు అరమండిలో కూర్చుని పాదం నిండుగా నేలకు కొట్టడం అలవాటు కదా. మొదటిరోజు నా కాళ్ల చప్పుడుకు పాట వినబడలేదని పక్కవాళ్లు నవ్వారు. ఇక్కడ కొట్టాల్సిన చోట స్టాంప్ అని ప్రత్యేకంగా రాస్తారు. మిగతాదంతా జారుడే. మోకాళ్లు కొద్దిగా వదులు, నడుము పైభాగం నిశ్చలం, బొటనవేళ్లు బెల్టులో. చేతులు ఏం చేయాలో తెలియని నాకు ఆ బెల్టే దిక్కయింది. హస్తాలు పట్టే అలవాటు పోవడానికి నెల పట్టింది.

పాతరికార్డు
అక్టోబరు 7, రాత్రి 11:20

ఆవులు కాచేవాళ్ల నాట్యం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం.

పశువుల మందలు తోలిన కాలపు కౌబాయ్‌లు ఈ వరసల ఆట ఆడలేదు. ఈరోజు అమెరికా పెళ్లిళ్లలో తరచూ కనబడే ఎలక్ట్రిక్ స్లైడ్ అనే లైన్ డ్యాన్సును రిక్ సిల్వర్ 1976లో కూర్చారు. అది డిస్కో కాలం. 1980లో జాన్ ట్రవోల్టా నటించిన అర్బన్ కౌబాయ్ సినిమా వచ్చింది. హ్యూస్టన్ పక్కన పాసడీనాలోని గిలీస్ అనే క్లబ్బులో తీశారు. దాంతో నగరాల్లో ఆఫీసు ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా బూట్లు కొనుక్కున్నారు. మరుసటి ఏడు ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో బిల్లీ బాబ్స్ అనే క్లబ్బు తెరిచారు. అది నిజంగానే ఒకప్పటి పశువుల కొట్టం. కడగడానికి వీలుగా కట్టిన నేల వాలు ఇప్పటికీ కాళ్లకు తెలుస్తుంది. ఇక 1992లో బిల్లీ రే సైరస్ పాడిన ఏకీ బ్రేకీ హార్ట్‌కు మెలనీ గ్రీన్‌వుడ్ అడుగులు కూర్చారు. ఆ గాలి లలిత గారి ఇంగ్లండు దాకా వీచింది. మళ్లీ 2024లో హ్యూస్టన్ అమ్మాయి బియాన్సే పాట టెక్సస్ హోల్డెమ్ వచ్చాక కొత్తవాళ్లు గుంపులుగా చేరారు.

కౌబాయ్ అనగానే మనకు కళ్ల ముందు ఆడేది తెల్లవాడే. పశువులు తోలినవారిలో నాలుగింట ఒకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. సినిమాల్లో వాళ్లను చూపించలేదు.

నా ఉద్దేశంలో ఇది పల్లె నుంచి పట్నానికి వచ్చిన ఆట కాదు, పట్నం పల్లె వేషం కట్టిన ఆట. అందులో తప్పేమీ లేదు. మన వేదికల మీద జానపద నృత్యాలు మాత్రం పొలం గట్ల నుంచి తిన్నగా నడిచొచ్చాయా?

కోలాటం_శీను
అక్టోబరు 8, ఉదయం 7:31

చివరి వాక్యం నా మీదే వేశారని అర్థమైంది. మా ఊరి కోలాటం గట్ల నుంచే వచ్చింది. ఎప్పుడైనా తూర్పుగోదావరి రండి, చూపిస్తాను.

నిర్వాహకుడు
అక్టోబరు 8, ఉదయం 9:00

జానపద నృత్యాల చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను, కొన్ని జాబులు అక్కడికి మార్చాను. ఇక్కడ ఎడమకాలి సంగతి చూద్దాం.

పెకాన్‌చెట్టు
అక్టోబరు 11, రాత్రి 9:55

ఎడమకాలు విడుదలైంది! లలిత గారికి వెయ్యి దండాలు. "ఖాళీ కాలు" అని కాగితం మీద రాసి సింకు పైన అంటించాను. మా అబ్బాయి అది చదివి అదేదో సామెత అనుకున్నాడు.

ఇప్పుడు కొత్త చిక్కు. ఎలక్ట్రిక్ స్లైడ్ నేర్చుకుందామని వీడియో పెట్టుకున్నాను. కుడికి గ్రేప్‌వైన్, ఎడమకు గ్రేప్‌వైన్, మూడు అడుగులు వెనక్కి వేసి ఆనించడం, ముందుకు ఒక ఊపు, వెనక్కి ఒక ఊపు, ఎడమకాలు వేస్తూ పావు మలుపు, కుడికాలు నేలను రాసుకుంటూ ముందుకు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 18 వస్తోంది. ఆదితాళం గారు ఎనిమిదులు అన్నారు కదా? పాట ఒకచోట, నేను ఒకచోట ఉంటున్నాం. లెక్క తప్పింది నాకా, వీడియోకా?

లలిత_లెస్టర్
అక్టోబరు 12, మధ్యాహ్నం 12:40

ఎవరికీ తప్పలేదు. జనంలో నిలిచినది 18 లెక్కలదే. కూర్చినాయన మాత్రం తనది 22 లెక్కలని చెప్పేవారు.

పాట ఎనిమిదుల్లో నడుస్తుంది, అడుగులు పద్దెనిమిదుల్లో. అందుకే ప్రతి గోడకూ రెండు లెక్కలు ముందుకు జరిగిపోతారు. పల్లవి మొదలైనప్పుడు మీరు ఊపులో ఉంటారు, పాట ఊపులో ఉన్నప్పుడు మీరు వెనక్కి నడుస్తుంటారు. అయితే నాలుగు గోడలూ తిరిగొస్తే 72 లెక్కలు, అంటే సరిగ్గా తొమ్మిది ఎనిమిదులు. పాట మధ్యలో కొసరు లెక్కలేమీ లేకపోతే ముందు గోడకు వచ్చేసరికి మళ్లీ ఎనిమిది మొదట్లో పడతారు. ఆ ఒక్క చోట కలిసిందా లేదా చూసుకోండి, దారిలో కంగారుపడకండి.

కొత్తవాళ్లకు నేనైతే 32 లెక్కల డ్యాన్సుతో మొదలుపెట్టమంటాను. అందులో పాటే మిమ్మల్ని మోస్తుంది. కాపర్‌నాబ్ సైటులో అడుగుల కాగితాలు వేలకొద్దీ ఉంటాయి. అబ్సల్యూట్ బిగినర్ అని రాసినవే తీయండి. బిగినర్ అని ఉన్నవి రెండు నెలల తరవాత. దిక్కులు గడియారం అంకెల్లో రాస్తారు. ముందు గోడ 12, ఎడమ గోడ 9, వెనక గోడ 6, కుడి గోడ 3. ఇక వీడియో అయితే నేర్పేవాళ్లను వెనక నుంచి తీసినదే చూడండి. ఎదురుగా తీసింది చూసి నేర్చుకున్న మా స్నేహితురాలు హాలంతా కుడికి వెళ్తుంటే తాను ఎడమకు వెళ్లి బల్ల మీది టీ కప్పులు పడేసింది.

మోకాలిచిప్ప
అక్టోబరు 12, రాత్రి 7:18

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. ఈ థ్రెడ్ మొదటి నుంచీ చదువుతున్నాను, ఒక్కరు కూడా చెప్పుల సంగతి ఎత్తలేదు.

పెకాన్‌చెట్టు గారూ, మీరు పరుగుకు వాడే రబ్బరు బూట్లతో చేస్తున్నారని పందెం. పివట్ అనే మలుపు చూడండి. ఒక కాలు ముందుకు వేసి, రెండు పాదాల మునిభాగం మీద సగం చుట్టు తిరగాలి. రబ్బరు అడుగు నేలను కరుచుకుంటుంది. పాదం తిరగదు, పైనున్న ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలిక పోయి మోకాలికి చుట్టుకుంటుంది. ఒకసారికి ఏమీ కాదు. నాలుగు నిమిషాల పాటలో పాతిక సార్లు తిరిగితే మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. కౌబాయ్ బూట్లకు తోలు అడుగు ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. వెంటనే అవి కొనక్కర్లేదు. తోలు అడుగున్న పాత ఫార్మల్ బూట్లు అలమరలో ఉంటే అవే చాలు. నున్నటి టైల్స్ మీద వట్టి సాక్సులతో మాత్రం వద్దు. ఆ పని చేసి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చినవాళ్లను చూశాను.

అడుగులు చిన్నవి వేయండి. కొత్తవాళ్లు పాటను అందుకోలేకపోవడానికి సగం కారణం కాళ్లు బారలు చాచడమే. పాదం వెడల్పుకు కాస్త ఎక్కువ దూరం చాలు.

డాబామీద (హనుమకొండ)
అక్టోబరు 14, సాయంత్రం 6:05

మా దగ్గర ఇలాంటి హాళ్లు లేవు. డిసెంబరులో మా అక్క కూతురి పెళ్లి, అమ్మాయి ఆస్టిన్‌లో చదివింది. సంగీత్‌లో ఇంటిల్లిపాదీ లైన్ డ్యాన్స్ చేయాలని పట్టుబట్టింది. ఎనిమిదేళ్ల పాప నుంచి 61 ఏళ్ల మా బావగారి దాకా పద్నాలుగు మందిమి. రోజూ డాబా మీద సిమెంటు నేలపై సాధన చేస్తున్నాం. పాట జోరుగా ఉంది, ఎవరికీ అందడం లేదు. పైగా బావగారు ప్రతి మలుపులోనూ కుడికే తిరుగుతున్నారు. పెద్దాయన, ఎవరం ఏమీ అనలేకపోతున్నాం.

సింగపూర్_అత్తయ్య
అక్టోబరు 15, ఉదయం 8:26

అమ్మాయ్, పద్నాలుగు మందితో కష్టపడుతున్నావు కాబట్టి చెబుతున్నాను. మా కమ్యూనిటీ క్లబ్బులో మంగళవారం పొద్దున్నే నలభై మంది ఆడవాళ్లం చేస్తాం, సగం మందికి అరవై దాటాయి. ఒక్క కౌబాయ్ కూడా లేడు, ఉక్కపోత మాత్రం ఉంటుంది.

ముందు పాట తీసేయండి. నోటితో లెక్కపెడుతూ నడవండి, అంతే, నాట్యం వద్దు. ఎనిమిది లెక్కలు అందరికీ వచ్చాకే తరవాతి ఎనిమిది. ముప్పై రెండూ వచ్చాక పాట పెట్టండి, ఫోనులో వేగం 0.75కి తగ్గించి. అదీ కుదిరాకే అసలు వేగం. మా టీచరు లెక్కతోపాటు రాబోయే అడుగు పేరు ఒక లెక్క ముందే అరుస్తుంది. మీలో గొంతున్నవాళ్లకు ఆ పని అప్పగించండి.

మీ బావగారి ఎడమ చేతికి రంగు దారం కట్టండి. అందరికీ కట్టండి, ఆయనకు ఒక్కరికే కడితే బాగుండదు. మలుపు వచ్చినప్పుడు "దారం వైపు" అనండి. మా దగ్గర ఒకావిడకు ఎడమచేతి గాజులు గలగలలాడిస్తే తప్ప ఎడమ తెలిసేది కాదు.

గరుకు సిమెంటు మీద మలుపులు వద్దు. అక్కడ నడక నేర్చుకుని, మలుపులు లోపల గచ్చు మీద చేసుకోండి.

డాబామీద
అక్టోబరు 19, రాత్రి 9:12

అత్తయ్య గారూ, దారం పనిచేసింది. ఇప్పుడు మా అక్క ఎడమా కుడీ రెండు చేతులకూ కట్టుకుని కూర్చుంది, అది వేరే కథ.

పెకాన్‌చెట్టు
నవంబరు 2, రాత్రి 11:48

నిన్న మళ్లీ అదే హాలుకు వెళ్లాను. పెళ్లినాటి నల్లబూట్లు వేసుకుని, లలిత గారు చెప్పినట్టు నట్టనడుమ నిలబడ్డాను. రెండు డ్యాన్సులు పూర్తిగా చేశాను. ఎద్దు తలకు ఎదురైనప్పుడు దాని కళ్లలోకి చూశాను కూడా.

అవమానాలు రెండు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నేల మధ్యలోంచి అడ్డంగా దాటుతున్నాను. జంటలు టూ స్టెప్ చేస్తూ అంచు వెంబడి సుడిగాలిలా వస్తున్నారు. టోపీ పెట్టుకున్న ఒక తాత, ఎనభై ఉంటాయేమో, భార్యను తిప్పుతూనే నా మోచేయి పట్టుకుని అంచు అవతలకు చేర్చి వెళ్లిపోయాడు. ఒక్క అడుగు తప్పలేదు. పాట అయ్యాక వచ్చి చెప్పాడు: అంచు జంటలది, అపసవ్యంగా తిరుగుతూ ఉంటారు, నడుమ భాగం వరసలవాళ్లది, గ్లాసుతో నేల మీదికి ఎప్పుడూ రాకు, చుక్క పడితే ఎవరో ఒకరు పడతారు. తిట్లు తినాల్సిన చోట పాఠం దొరికింది.

రెండోది. మూడో డ్యాన్సులో అంతా బాగా నడుస్తుండగా, మూడో గోడ దగ్గర 16 లెక్కలు కాగానే అందరూ ఉన్నట్టుండి మొదటి అడుగుకు వెళ్లిపోయారు. నేనొక్కడినే మిగతా 16 పూర్తిచేశాను, పరీక్ష హాలులో అందరూ వెళ్లాక కూడా రాస్తున్నవాడిలా. అది ఏమిటి?

ఆదితాళం
నవంబరు 3, ఉదయం 6:35

దాన్ని రీస్టార్ట్ అంటారు. ఆ పాటలో ఆ చరణం మిగతావాటిలో సగమే ఉంటుంది. డ్యాన్సు కూడా సగంలో ఆపి మొదటికి వెళ్తే పల్లవితో కలుస్తుంది. దీనికి తోడు ట్యాగ్ ఉంది. పాటలో నాలుగు లెక్కలు కొసరు వస్తే ఆ నాలుగు లెక్కలకు ఏ ఊపో, స్టాంపో కలుపుతారు. అడుగుల కాగితంలో రెండూ రాసి ఉంటాయి, ఏ గోడ దగ్గరో కూడా. నేను నేర్చుకునే ముందు ఆ పాటను రెండుసార్లు ఊరికే కూర్చుని వింటాను, మడమతో తాళం వేస్తూ. ఎక్కడ సగం అవుతుందో చెవికి తెలిస్తే కాలికి చెప్పక్కర్లేదు.

కోలాటం_శీను
నవంబరు 3, రాత్రి 8:40

ఇది మాత్రం మా కోలాటంలో ఉంది. పాట మలుపు తిరిగితే గురువు ఈల వేస్తాడు, కోపు మారుతుంది. మీకు ఈల వేసేవాడు లేడు, అంతే.

పెకాన్‌చెట్టు
నవంబరు 9, సాయంత్రం 5:20

నమస్కారం. ఈ ఖాతా మా వారిది, రాస్తున్నది నేను. నెల రోజులుగా వంటింట్లో ఈయన అవస్థ చూసి ఉండబట్టలేక పోయిన శుక్రవారం నేనూ వెళ్లాను. సింకు పైన కాగితం నాకూ కంఠస్థమే. కానీ నాకు కుడికాలు ఇరుక్కుంటోంది. కుడికాలు ముందుకు వేసి బరువు ఎడమకాలికి తెస్తాం కదా, ఆ తరవాత "మూడు అండ్ నాలుగు" అంటూ ఒకటుంది. కుడికాలు వెనక్కి వెళ్తుంది, నాలుగుకు మళ్లీ ముందుకు రావాలి, రాదు. ఈయనను అడిగితే "ఖాళీ కాలు, ఖాళీ కాలు" అంటున్నారు తప్ప చెప్పడం లేదు.

లలిత_లెస్టర్
నవంబరు 10, మధ్యాహ్నం 1:02

రండి రండి, మీ కోసమే ఎదురుచూస్తున్నాం.

అది కోస్టర్ స్టెప్. మూడుకు కుడికాలు వెనక్కి, "అండ్"కు ఎడమకాలు దాని పక్కకు, నాలుగుకు కుడికాలు ముందుకు. చిక్కంతా ఆ "అండ్" దగ్గర. అది అర లెక్కే కాబట్టి ఎడమకాలిని అలా తాకించి వదిలేస్తున్నారు. అది టచ్ కాదు, అడుగు. ఎడమకాలి మీద పూర్తిగా నిలబడితేనే కుడికాలు ఖాళీ అవుతుంది. మునివేళ్ల మీద లేచి నిలబడితే తొందరగా వస్తుంది. మీ వారు తాకించాల్సిన చోట నిలబడ్డారు, మీరు నిలబడాల్సిన చోట తాకిస్తున్నారు. గట్టు పట్టుకుని పదిసార్లు నెమ్మదిగా చేయండి, గిన్నెలు ఆయన తోముతారు.